కకిరిగుమ్మ దారిలో సన్నగా వినిపించిన గొంతు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. పదిహేడేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మార్చురీ గది తాళంచెవి కోటు జేబులో పెట్టుకుని అన్నం తిన్న రోజులున్నాయి. మా పాస్టరుగారు సాతాను గురించి చెప్పినప్పుడు అందరితో పాటు నేనూ తలూపుతాను గానీ, చచ్చినవాళ్ల వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదనీ, పేచీలన్నీ బతికున్నవాళ్లతోనేననీ లోపల అనుకునే మనిషిని.

ఇది చదివి ఎవరైనా నవ్వుకుంటే నాకు పరవాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తెలియనిది తెలియదనే రాస్తాను. ఇందులో నేనాడిన అబద్ధం కూడా ఒకటుంది, దాన్నీ దాచను.

మేము ఒడిశాలోని కకిరిగుమ్మలో ఉంటాం. కోరాపుట్ నుంచి రాయగడ వెళ్లే రైలు లైనులో చిన్న స్టేషను. మా ఆయన ఆనందరావు రైల్వేలో ట్రాక్ మనిషి. గ్యాంగుతో కలిసి పట్టాలు చూసుకోవడం, బోల్టులు బిగించడం, కంకర సర్దడం ఆయన పని. వాళ్లది పద్మపూర్ దగ్గర పల్లె. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ వ్యవసాయంలో పడ్డారు. మా నాన్న కోస్తా నుంచి ఈ కొండల్లోకి మాస్టరుగా వచ్చారు. మాది ప్రేమ పెళ్లి. ఆదివారం నేను చర్చిలో ఉంటే, ఆయన గేటు బయట మోటారుసైకిలు మీద కూర్చుని పాటలు వింటూ ఉంటారు.

ఆ పాటల కోసమే బండికి స్టీరియో పెట్టించుకున్నారు. హ్యాండిల్‌కి రెండు వైపులా గుండ్రటి స్పీకర్లు, సీటు కింద నల్లటి పెట్టె. పెన్‌డ్రైవ్ పెడితే పాటలు మోగుతాయి. దానికే పక్కన ఇంకో చిన్న రంధ్రం ఉంది, ఫోన్ లాంటివి వైరుతో కలుపుకోవడానికి. దాన్ని ఆక్స్ అంటారు. ఈ కథంతా ఆ రంధ్రం గురించే.

నేను పనిచేసేది ఒక చిన్న ఆసుపత్రిలో. డిశ్చార్జ్ అయి వెళ్లిపోయిన రోగుల్లో కదల్లేనివాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు చెయ్యడం కూడా నా పనిలో భాగం. చాలావాటికి ఆదివారం చర్చి అయ్యాక, ఆయనకి సెలవు కాబట్టి, ఆయన బండి మీదే వెళ్తాం. ఈ కొండల్లో మలుపు తిరిగితే ఫోన్ సిగ్నల్ పోతుంది, దానితో పాటు ఫోన్‌లో మ్యాపూ పోతుంది. అందుకని ఆయన కోరాపుట్‌లో పాత సామాన్లమ్మే దుకాణంలో ఒక జీపీఎస్ మెషిన్ కొన్నారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఏదో కారులోంచి తీసిందట. మ్యాపంతా లోపలే ఉంటుంది, ఫోన్ సిగ్నల్‌తో పని లేదు. దాని స్పీకరు పోయింది, బొమ్మ మాత్రం కనిపిస్తుందని దుకాణంవాడు ముందే చెప్పాడు. స్పీకరు లేకపోతేనేం, బండికి స్టీరియో ఉంది కదా, వైరుతో కలుపుకుంటానన్నారు ఈయన.

కలిపారు. మొదటిరోజు ఇంటికొచ్చి హెల్మెట్ తీస్తూనే, "పనిసేస్తన్నాది గానీ సౌండు తక్కువ" అన్నారు.

అక్కడి నుంచి మొదలైంది. మెషిన్‌లో సౌండు వందకి వంద పెట్టారు. దారి చెప్పే గొంతుకి వేరే సెట్టింగ్ ఉంటుందని ఎవరో చెబితే వెతికి అదీ పెంచారు. పిన్‌ని పెన్సిల్ రబ్బరుతో రుద్దారు. వైరు మార్చారు. ఆ వైరుకి పిన్ దగ్గర మూడు గీతలున్నాయి, రెండు గీతలది కావాలని మళ్లీ ఇంకోటి తెచ్చారు. ఇంట్లో అన్నం తినే బల్ల మీద ఎప్పుడు చూసినా స్క్రూడ్రైవరు, నల్ల టేపు, తీగ ముక్కలు. ప్రతి మార్పు తర్వాతా బండి మీద వీధి చివరిదాకా వెళ్లి వచ్చేవారు. వచ్చి అదే మాట. వినిపిస్తోంది, కానీ తక్కువ.

నన్నూ అడిగేవారు. "ఎనకాల కూకుంటావు గదా, నీకినబడతందా?"

నేను వెనక సీటులో, హెల్మెట్ లోపల, గాలి హోరులో ఉంటాను. నాకేమీ స్పష్టంగా వినపడేది కాదు. అయినా "ఆఁ, ఏదో వినిపించింది" అనేదాన్ని. ఎందుకంటే నా మనసు ఆ మెషిన్ మీద లేదు. ఆయన చెవుల మీద ఉంది.

ఏడాదిగా గమనిస్తున్నాను. టీవీ సౌండు పక్క క్వార్టరుకి వినిపించేంత పెడుతున్నారు. కుక్కర్ నాలుగు కూతలు కూసినా, పక్కనే కూర్చున్న మనిషి లేవరు. మాట్లాడుతుంటే కుడిచెవి నా వైపు తిప్పుతున్నారు. ఎడమ పక్కన నిలబడి పిలిస్తే పలకరు. నర్సుని కదా, ఇంతకన్నా నాకెవరూ చెప్పక్కర్లేదు.

వేరే ఉద్యోగమైతే ఇంత కంగారు ఉండేది కాదు. ట్రాక్ మీద వంగి పనిచేసేవాళ్లకి చెవే ప్రాణం. మా వైపు లైనంతా మలుపులు, సొరంగాలు. వచ్చే రైలు ఎదురుగా కనిపించే దూరం తక్కువ. ఒకతను దూరంగా నిలబడి ఈల ఊదితే అందరూ పక్కకి తప్పుకోవాలి. ఈల వినపడకపోతే? ఈ ప్రశ్న పగలంతా నాతోనే ఉండేది. సూది గుచ్చుతున్నా, సెలైన్ మారుస్తున్నా అదే. డ్యూటీలో ఫోన్ ఎవరిది మోగినా ముందు నా ఫోన్ తీసి చూసుకునేదాన్ని. సాయంత్రం ఆయన బూట్లు గుమ్మం ముందు చప్పుడయ్యేదాకా కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. ఉతికిన బట్టలే మళ్లీ మడతపెట్టేదాన్ని.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. కోరాపుట్‌లో చెవుల డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్దామని.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి నా వైపు చూశారు. "మెషిన్లో సౌండు తక్కువైతే నా సెవులు సెడిపోయాయంటావేటి?"

"మెషిన్ సంగతి కాదండీ. ఈల సంగతి."

"ఈల బాగానే ఇనబడతంది. అంత సన్నగా మాటాడే మెషినే నాకినబడతంటే, ఈల ఇనబడదేటి?"

నిజమే కదా. అంత సన్నటి గొంతు వినగలిగే మనిషికి చెవుడు ఎలా ఉంటుంది? ఆ మెషిన్ ఆయనకి సాక్షి అయిపోయింది. అందుకే దాని మీద అంత పట్టుదల. సౌండు బాగుచేస్తే చాలు, లోపం దానిదేనని తేలిపోతుంది.

ఆ వర్షాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం కొత్త ఊరికి వెళ్లాల్సి వచ్చింది. షుగరుతో కాలికి పుండు పడి, మా దగ్గర రెండు వారాలుండి వెళ్లిన రైతు. మూడు రోజుల నుంచి కట్టు మార్చలేదు. కకిరిగుమ్మ నుంచి గంట దారి. ఆ ఊరి పేరు మెషిన్‌లో లేదు. దానికి ముందుండే పెద్ద ఊరి పేరు పెట్టుకుని బయల్దేరాం.

సగం దూరం వెళ్లేసరికి మబ్బు రోడ్డు మీదకి దిగింది. కోరాపుట్ కొండల్లో వర్షాకాలం చూసినవాళ్లకి తెలుస్తుంది, పది అడుగుల అవతల ఏముందో కనపడదు. పైనుంచి తుంపర. మెషిన్ తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టాం, ఆ కవరు లోపలంతా ఆవిరి పట్టింది. తెర మీద ఏమీ కనిపించడం లేదు. నా హెల్మెట్ అద్దానికి కూడా ఆవిరి పడితే, తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఒకచోట దారి రెండుగా చీలింది. కుడివైపు తారు రోడ్డు. ఎడమవైపు ఎర్రమట్టి బాట. అడుగుదామంటే మనిషి లేడు. ఆయన బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, తాళం మాత్రం ఆన్‌లోనే ఉంచారు, మెషిన్ చెప్పేది వినడానికి.

ఇంజిన్ ఆగాక అంతా నిశ్శబ్దం. ఆకుల మీద తుంపర చప్పుడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి ముందుకి వంగాను.

అప్పుడు విన్నాను. హ్యాండిల్ దగ్గర నుంచి, ఎడమవైపు స్పీకరులోంచి. ఆడగొంతు. వయసు మళ్లిన గొంతు. చాలా సన్నగా, పక్క గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు. కానీ ప్రతి మాటా తెలిసింది.

"ఎడం సేతికెల్లు. తొందరేటి, మెల్లగెల్లు నాయనా."

ఆయన తల తిప్పి "ఇన్నావా?" అన్నారు.

"ఎడమకి అంది" అన్నాను.

అంతే. ఎడమకి తిరిగాం.

అప్పుడు నీకు అనుమానం రాలేదా అని మీరడగొచ్చు. రాలేదు. ఇప్పుడు ఫోన్‌లో, టీవీలో, అన్ని యాసల్లోనూ మాట్లాడుతున్నారు. ఎవరో శ్రీకాకుళం యాసతో గొంతు పెట్టారు కాబోలు, బాగానే ఉందే అనుకున్నాను. చివర్లో 'నాయనా' అన్నట్టు అనిపించింది, వాన చప్పుడులో నేను పొరబడ్డానేమో అనుకున్నాను. చేతిలో కట్ల సంచి, తడుస్తున్న బట్టలు, మూడు రోజుల పుండు ఎలా ఉందోనన్న ఆత్రం. ఎవరు ఆలోచిస్తారు?

మట్టి బాటలో పావుగంటలో ఊరు వచ్చింది. ఏకంగా ఆ రైతు పెరట్లోకే వచ్చాం. రైతు కూతురు బయటికొచ్చి ఆశ్చర్యపోయింది. మీకు ఈ దారి ఎవరు చూపించారని ఇక్కడి కొండ ఊళ్ల భాష దేశియాలో అడిగింది. అందరూ తారు రోడ్డు మీదే చుట్టూ తిరిగి వస్తారట, ఇది వాళ్లు పశువులను తోలుకెళ్లే దారట. మెషిన్ చెప్పిందని మా ఆయన గర్వంగా స్పీకరు మీద తట్టి చూపించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి సంగతులు చెప్పేటప్పుడు, తారు రోడ్డు మీద వంతెన కొట్టుకుపోయిందనీ, ఆ గొంతు మమ్మల్ని కాపాడిందనీ చెప్పడం అలవాటు. అలాంటిదేమీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు తారు రోడ్డు మీదే వచ్చాం. రోడ్డు చక్కగా ఉంది. మాకు ఏ ప్రమాదమూ తప్పలేదు. ఒక ఇరవై నిమిషాలు కలిసొచ్చింది, అంతే.

మరుసటి వారం ఆయన పనిమీద రాయగడ వెళ్తుంటే నేనూ వెళ్లాను. అక్కడ బజారులో బళ్లకి హారన్లు, లైట్లు, స్టీరియోలు బిగించే బిజయ్ అనే మెకానిక్ ఉన్నాడు. ఒడియా మనిషి, తెలుగు బాగా వచ్చు. ఇంక తన వల్ల కాదని, చివరికి ఈయన బండి అతనికి అప్పజెప్పారు.

బిజయ్ ముందు పెన్‌డ్రైవ్ పెట్టి పాట వేశాడు. బాగానే మోగింది. తర్వాత తన ఫోన్ ఆక్స్ రంధ్రానికి కలిపి పాట వేశాడు. ఏమీ రాలేదు. స్పీకరుకి చెవి ఆనించి విన్నాడు. లేదు. సీటు తీసి, నల్ల పెట్టె నాలుగు స్క్రూలూ ఇప్పి, మూత ఎత్తాడు. ఒక నిమిషం చూసి, ఒడియాలో అన్నా అన్నట్టు, మా ఆయన్ని పిలిచాడు.

"భాయినా, ఇలా చూడండి. ఈ సాకెట్‌కి వెనక తీగే లేదు."

నేను కూడా వంగి చూశాను. ఆక్స్ రంధ్రం వెనక మూడు ఇత్తడి కాళ్లున్నాయి. శుభ్రంగా మెరుస్తున్నాయి. వాటికి ఎప్పుడూ టంకం అంటిన గుర్తు లేదు. బోర్డు మీద వాటిని కలపాల్సిన చోటు కూడా ఖాళీ. చౌకరకం స్టీరియోల్లో ఊరికే పైకి కనిపించడానికి రంధ్రం పెట్టి వదిలేస్తారని బిజయ్ చెప్పాడు.

"తీగ తెగిపోయిందేమో?" అన్నారు ఈయన.

"తెగితే ముక్క ఉండాలి కదా. దీనికి పుట్టినప్పటి నుంచీ లేదు."

"మరి సన్నగా వచ్చేదే?"

"ఎలా వస్తుంది? తక్కువ సౌండు కాదు భాయినా, అసలు సౌండే రాకూడదు."

అతను మెషిన్ కూడా ఇప్పాడు. దాని సొంత స్పీకరు అట్ట చిరిగిపోయి, ఒక తీగ ఊడి వేలాడుతోంది. అందులోంచి కూడా రావడానికి లేదు. పక్క తీగల్లోంచి ఏమైనా లీకవుతుందేమో చూడమని నేనే అడిగాను. పాపం, ఆ మాటకి అతను మెషిన్ ఆన్ చేసి, వైరు మేము పెట్టినట్టే పెట్టి, స్టీరియో సౌండు చివరిదాకా పెంచాడు. ముగ్గురం వంతులవారీగా స్పీకరుకి చెవి పెట్టాం. సన్నటి గర్ర్ మనే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తర్వాత అతను మూడు చిన్న తీగలు టంకం వేసి బోర్డుకి కలిపాడు. అరగంట పని. మెషిన్ ఆన్ చేసి, దారి పెట్టి, బండిని వీధిలోకి తోశాడు. వెంటనే బజారంతా వినిపించేలా ఒక ఆడగొంతు గట్టిగా హిందీలో దారి చెప్పింది. కుర్ర గొంతు. రైల్వే స్టేషన్లలో వినిపించే లాంటిది.

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. "ఇది కాదు" అన్నారు. "తెలుగులో సెప్పేది. తెలుగు పెట్టు."

బిజయ్ భాషల జాబితా తెరిచాడు. హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది, బయటి దేశాల భాషలు ఏవేవో ఉన్నాయి. పైకీ కిందకీ రెండుసార్లు జరిపి చూపించాడు. తెలుగు లేదు.

నేను అక్కడ బెంచీ మీద కూర్చుండిపోయాను. మా ఆయన నా వైపు చూడలేదు. తిరుగు ప్రయాణమంతా ఆ హిందీ గొంతు ప్రతి మలుపులోనూ గట్టిగా అరుస్తూనే ఉంది. దాన్ని ఆపమని అడగాలని కూడా నాకు తోచలేదు.

రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు ఆయన. మూడోరోజు పొద్దున బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండా అన్నారు. "లేనిది ఇనబడతంటే అది సెవుల జబ్బే గదా సుగుణా? డాక్టరు కాడికి పోదాం."

ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట. ఆ రోజే సెలవు పెట్టించాను.

కోరాపుట్‌లో చెవుల డాక్టరు దగ్గర చిన్న గాజు తలుపు గది ఉంది. లోపల ఆయన్ని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక బటను ఇచ్చారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి. నేను బయట నిలబడి గాజులోంచి చూస్తున్నాను. పరీక్ష చేసే అమ్మాయి కొంచెం కొంచెం సౌండు పెంచుతూ పోయింది. చివరికి తలుపు అవతల ఉన్న నాకు కూడా ఆ హెడ్‌ఫోన్‌లోంచి కీచుమని వినపడింది. లోపల ఆయన కళ్లు మూసుకుని, ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నారు. బటను మీద బొటనవేలు కదల్లేదు.

ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను. ఇంత చెవుడుతో ఈ మనిషి రోజూ పట్టాల మీదకి వెళ్తున్నాడా అనుకున్నాను.

ఎడమచెవి దాదాపు పోయింది. కుడిచెవి సగం. ఏళ్ల తరబడి ఇనుము మీద ఇనుము కొట్టే చప్పుడులో పనిచేసినవాళ్లకి ఇలా అవుతుందని డాక్టరు చెప్పారు. ఈయన సిగ్గుపడుతూ మెషిన్ గొంతు సంగతి బయటపెట్టారు. డాక్టరు ఆశ్చర్యపోలేదు. వినికిడి తగ్గేకొద్దీ మెదడు ఖాళీని తనే నింపుకుంటుందట. కొందరికి పాటలు వినిపిస్తాయట, కొందరికి మాటలు. పిచ్చి కాదు, భయపడొద్దన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత చక్కటి వివరణ! ఇంక దెయ్యం లేదు, ఏమీ లేదు.

డాక్టరు మామూలుగా అడిగారు, ఆ గొంతు ఏమనేదని.

మా ఆయన కాస్త ఆలోచించి చెప్పారు. "ఎవుతో ముసలామె సార్. మా ఊరి మాటే. సివరసారి మబ్బులో దారి తెలీక ఆగినప్పుడు, ఎడం సేతికెల్లు, తొందరేటి, మెల్లగెల్లు అంది. నాయనా అని కూడా అంటాది."

నేను విన్న మాటలవి. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ రోజు నేను ఆయనతో అన్నది 'ఎడమకి అంది' అన్న రెండు మాటలే. మిగతావి మేమిద్దరం ఎప్పుడూ ఒకరికొకరం చెప్పుకోలేదు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాక ఆయన నన్ను అడిగారు. నా ముఖంలోకి సూటిగా చూస్తూ అడిగారు. "ఆ రోజు నువ్వూ ఇన్నావు గదా? ఎడమకి అందన్నావు."

ఒక్క క్షణం. నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇద్దరం విన్నాం కాబట్టి తన చెవుల్లో లోపం లేదంటారు. డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టేస్తారు. రేపు పొద్దున మళ్లీ సొరంగం దగ్గరికి వెళ్తారు.

"లేదండీ" అన్నాను. "నేనేమీ వినలేదు. మీరు ఎడమకి తల తిప్పారని అలా అన్నాను. ఎప్పుడూ మీ మాటకి ఊఁ కొడతాను కదా."

ఆయన నన్నొకసారి చూశారు. తర్వాత "సర్లే" అని మెట్లు దిగారు.

ఆ వారమే డాక్టరు కాగితం తీసుకెళ్లి ఆఫీసులో తనే ఇచ్చారు. పై పరీక్షలన్నీ అయ్యాక ఆయన్ని ట్రాక్ మీద నుంచి తప్పించి, సామాన్ల గోదాములో పని ఇచ్చారు. చెవికి మెషిన్ పెట్టుకున్నారు. కుక్కర్ కూస్తే ఇప్పుడు నాకన్నా ముందు ఆయనే లేస్తున్నారు.

ఇంకో సంగతి రాయాలి. ఆ రైతు కాలికి కట్లు మార్చడానికి తర్వాత రెండుసార్లు వెళ్లాం. ఆ చీలిక దగ్గర హిందీ గొంతు గట్టిగా కుడివైపు వెళ్లమంది, రెండుసార్లూ. తెర మీద మట్టి బాట అసలు లేనే లేదు. పాత సామాన్ల దుకాణానికి కూడా నేనొక్కదాన్నే వెళ్లి ఆ మెషిన్ ఎవరిదని అడిగాను. యాక్సిడెంట్ కారులోదా అని కూడా అడిగాను. వాడు నవ్వి, గోనెసంచి లెక్కన కొంటాం మేడమ్, ఏది ఎవరిదో మాకేం తెలుసన్నాడు. అంతకు మించి ఏ ఆచూకీ దొరకలేదు. మా ఆయన వైపు చనిపోయిన ముసలివాళ్లెవరైనా గుర్తొచ్చారా అంటే, ఆ గొంతు తనకి తెలిసినవాళ్లెవరిదీ కాదని ఆయన అప్పుడే డాక్టరుతో అన్నారు. నాకూ తెలిసిన గొంతు కాదు.

ఆ అబద్ధం నన్ను చాలాకాలం కుదురుగా ఉండనివ్వలేదు. మంచికే ఆడాను, అయినా మనిషిని నీ బుర్ర చెడిందని నమ్మించడం చిన్న విషయం కాదు. ఈ మధ్య ఒక సాయంత్రం, ఇద్దరం టీ తాగుతుండగా చెప్పేశాను. నేను కూడా విన్నాననీ, ముసలామె గొంతేననీ, నాయనా అనడం కూడా విన్నాననీ. ఆయన కోప్పడతారనుకున్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "నాకా మెట్ల మీదే తెలుసు" అన్నారు. "అబద్ధం సెప్పినప్పుడు నువ్వు నా కళ్లకేసి సూడవు. నా గుండీకేసి సూస్తావు."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన చెవి మెషిన్ తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడు చెప్పారు. ఆ వర్షాకాలానికి ముందు ఒకరోజు, సొరంగం ఇవతల, గ్యాంగుని నడిపించే మేటు ఆయన కాలరు పట్టుకుని పట్టాల మీద నుంచి లాగేశాడట. ఈల మూడుసార్లు ఊదారట. ఒక్కటి కూడా వినపడలేదట. గాలి తగిలాకే రైలు వచ్చిందని తెలిసిందట. నాకు చెప్పొద్దని మేటు చేత ఒట్టు వేయించుకున్నారట.

"దిగిపోడానికి నాకేదో ఒక సాకు కావాలి సుగుణా. నువ్విచ్చేవు. తీసుకున్నాను."

నేను ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయాను. మళ్లీ బయటికొచ్చి, మరి ఆ గొంతు సంగతేమిటని అడిగాను. మనిద్దరం విన్నాం కదా, అదేమిటని.

"నాకేటి తెలుసు?" అన్నారు.

నాకూ తెలియదు. డాక్టరు చెప్పినది ఆయన చెవులకి సరిపోతుంది. నా చెవులు నేను కూడా పరీక్ష చేయించుకున్నాను, ఎవరికీ చెప్పకుండా. ఏ లోపమూ లేదు. టంకం అంటని ఆ మూడు ఇత్తడి కాళ్లను నేను నా కళ్లతో చూశాను. ఆ గొంతును నా చెవులతో విన్నాను. ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పయి ఉండాలి. ఏది తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.